లివర్ మార్పిడి అయ్యాక దురద, కామెర్లు, జ్వరం: పాఠకుల ప్రశ్నలకు డాక్టర్ జవాబులు

లివర్ మార్పిడి గురించి పోయినసారి రాసినదానికి కోనసీమ నుంచి, అటు భీమవరం, తణుకు వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, ఇంటికొచ్చేశాం, కొన్ని నెలలకి మళ్ళీ కళ్ళు పచ్చబడ్డాయి, ఇదేంటి అని. అందుకని ఈసారి మొత్తం పైత్యనాళాల గురించే, అంటే డాక్టర్లు బైల్ డక్ట్ అనే వాటి గురించే. పేర్లు వేయొద్దని చాలామంది రాశారు కాబట్టి ఊళ్ళు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న (అంబాజీపేట దగ్గర నుంచి): మా ఆయనకి ఎనిమిది నెలల క్రితం హైదరాబాద్‌లో లివర్ మార్పిడి చేశారు. మా మరిది తన లివర్‌లో భాగం ఇచ్చాడు. అంతా బాగుందనుకుంటే నెలరోజుల నుంచి ఆయనకి రాత్రయితే అరిచేతులు, అరికాళ్ళు ఒకటే దురద. కొబ్బరినూనె రాశాం, స్కిన్ డాక్టర్ దగ్గర ఆయింట్‌మెంట్ తెచ్చాం, తగ్గలేదు. మొన్న రక్తపరీక్షలో కామెర్లని చూపే బిలిరుబిన్ 2.4, నాళం అడ్డుని చూపే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 600 దాటింది, రెండూ ఎక్కువే అన్నారు. పైత్యనాళాలని చూపే ఎంఆర్‌సీపీ స్కాన్ తీసి, అతుకు వేసిన చోట నాళం సన్నబడింది, ఈఆర్‌సీపీ చేసి స్టెంట్ అనే సన్నటి గొట్టం వేయాలి, ఏడాది పాటు మారుస్తూ ఉండాలి అన్నారు. చుట్టాలేమో ఇచ్చిన లివర్ పట్టలేదంటున్నారు. మా అత్తయ్యగారు పసరు మందు ఇప్పిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, చుట్టాల మాట పక్కన పెట్టండి. లివర్ పట్టకపోవడం వేరు, నాళం సన్నబడటం వేరు. ఒంట్లోని రక్షణ కణాలు కొత్త లివర్ మీద దాడి చేస్తే దాన్ని రిజెక్షన్ అంటారు. రెండింటిలోనూ రక్తపరీక్షలు ఒకేలా చెడిపోవచ్చు, ఒక్కోసారి తేడా తేల్చడానికి లివర్ నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ కూడా చేస్తారు. మీ ఆయనకి స్కాన్‌లో అతుకు దగ్గర సన్నబడటం కనిపించింది కాబట్టే వాళ్ళు ఈఆర్‌సీపీ మాట ఎత్తారు.

లివర్ రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. అది నాళాల గుండా పేగులోకి దిగాలి. మార్పిడి ఆపరేషన్‌లో రక్తనాళాలతో పాటు ఈ పైత్యనాళాన్ని కూడా అతకాలి, అన్నిట్లోకీ సున్నితమైన అతుకు ఇదే. బతికున్న దాత ఇచ్చిన భాగంలో నాళం నోరు కొన్ని మిల్లీమీటర్లకి మించి ఉండదు, ఒక్కోసారి ఒకటి కాదు, రెండు మూడు నోళ్ళుంటాయి, అన్నింటినీ విడివిడిగా అతకాలి. మానేటప్పుడు మచ్చకట్టి బిగుసుకుంటే దారి సన్నబడుతుంది. పైగా లివర్‌కి రక్తం రెండు దారుల్లో వస్తుంది గానీ పైత్యనాళాలకి మాత్రం దాదాపు అంతా హెపాటిక్ ఆర్టరీ అనే ఒక్క ధమని నుంచే అందుతుంది. అందులో సరఫరా తగ్గితే లివర్ కన్నా ముందు నాళం దెబ్బతింటుంది. అందుకే మీకు డాప్లర్ స్కాన్ కూడా తీసి ఉంటారు. తీయకపోతే అడగండి, ఆ ధమని బాగుందో లేదో తెలియడం చాలా ముఖ్యం.

1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మొట్టమొదటిసారి మనిషికి లివర్ మార్చిన నాటి నుంచి ఇప్పటిదాకా సర్జన్లని బాగా ఇబ్బంది పెడుతున్న చోట్లలో ఈ నాళం అతుకు ఒకటి. బతికున్న దాత నుంచి తీసుకున్నవాళ్ళలో 100 మందికి సుమారు 15 నుంచి 30 మందికి నాళంలో ఏదో ఒక ఇబ్బంది వస్తుంది, బ్రెయిన్ డెడ్ దాతల నుంచి తీసుకుంటే కొంచెం తక్కువ. మొదటి వారాల్లో అయితే ఎక్కువగా లీక్, తర్వాత నెలల్లో అయితే ఇలా సన్నబడటం. అంటే మీ ఇంట్లో జరిగింది వింత కాదు, ఎవరి తప్పూ కాదు.

ఇక దురద సంగతి. మురుగు బోదె చివర పూడుకుపోతే నీళ్ళు ఎగదన్ని మళ్ళీ చేలోకే వచ్చినట్టు, కిందకి దిగాల్సిన పైత్యరసం వెనక్కి రక్తంలోకి ఎక్కుతుంది. అరిచేతులు, అరికాళ్ళు దురద పెట్టడం, అదీ రాత్రిపూట ఎక్కువవడం దీని గుర్తు. చర్మం మీద దద్దురు కనిపించదు, గోకిన గీతలే కనిపిస్తాయి. తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారుతుంది, మలం సుద్దలా పాలిపోతుంది, కళ్ళు పచ్చబడతాయి. కడుపునొప్పి లేదు కదా అని చాలామంది ధైర్యంగా ఉండిపోతారు. మార్చిన లివర్‌కి నరాలు తెగిపోయి ఉంటాయి, నొప్పి తెలియకపోవచ్చు. ఇంకొకటి, మామూలు అల్ట్రాసౌండ్‌లో నాళం ఉబ్బినట్టు కనిపించలేదు కాబట్టి ఏమీ లేదనుకోవడానికి లేదు. మార్చిన లివర్‌లో లోపల అడ్డు ఉన్నా నాళాలు ఒక్కోసారి ఉబ్బవు.

ఈఆర్‌సీపీ అంటే కోత ఉండదు. మత్తిచ్చి నోట్లోంచి ఎండోస్కోప్‌ని చిన్నపేగు దాకా పంపి, అక్కడ నాళం నోట్లోంచి సన్నటి తీగ పైకి ఎక్కించి, బిగుసుకున్న చోట బెలూన్ ఉబ్బించి, మళ్ళీ మూసుకోకుండా ప్లాస్టిక్ స్టెంట్ పెడతారు. సుమారు 3 నెలలకోసారి పాతవి తీసి కొత్తవి, వీలైతే ఒకటికి రెండు, రెండుకి మూడు పెట్టుకుంటూ ఏడాది పాటు సాగదీస్తారు. కొందరికి పైపూత ఉన్న మెటల్ స్టెంట్ పెట్టి కొన్ని నెలల తర్వాత తీసేస్తారు. అతుకు దగ్గర మాత్రమే సన్నబడినవాళ్ళలో ఎక్కువమందికి దీంతోనే తెరుచుకుంటుంది. తీగ దాటకపోతే పక్కటెముకల మధ్య నుంచి సూదితో లివర్‌లోకి వెళ్ళి ట్యూబ్ వేస్తారు, దాన్ని పీటీబీడీ అంటారు. అదీ కుదరకపోతే నాళాన్ని నేరుగా పేగుకి కలిపే ఆపరేషన్. అతుకు దగ్గర కాకుండా లివర్ లోపలి కొమ్మల్లో చాలాచోట్ల సన్నబడితే వైద్యం కష్టం, కొందరికి మళ్ళీ మార్పిడి దాకా వెళ్ళాల్సి వస్తుంది. మీ ఆయనది అతుకు దగ్గర అన్నారు కాబట్టి ఆ భయం పెట్టుకోకండి. వెళ్ళేముందు రక్తం గడ్డకట్టే పరీక్ష చేయిస్తారు, ఎందుకంటే పైత్యరసం పేగులోకి దిగనప్పుడు విటమిన్ కె ఒంటికి పట్టదు. ధమని కోసం ఆస్పిరిన్ వాడుతుంటే ఆ సంగతి చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

పసరు మందు గురించి గట్టిగానే చెప్తాను. మన జిల్లాల్లో కామెర్లంటే తెల్లారగట్ల పరగడుపున ఆకు పసరు, చప్పిడి పత్యం, కొన్నిచోట్ల మణికట్టు మీద వాత. వైరస్ వల్ల వచ్చే మామూలు కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. మీ ఆయనది వైరస్ కాదు, దారి మూసుకుంది. ఏ ఆకూ ఆ దారి తెరవలేదు. పైగా ఆ పసరులో ఏముందో తెలియదు, రిజెక్షన్ రాకుండా వాడే టాక్రోలిమస్ మందు మోతాదుని రక్తంలో పెంచొచ్చు, తగ్గించొచ్చు, లివర్‌నే దెబ్బతీయొచ్చు. వాత పెడితే, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడే మనిషికి ఆ పుండు మానక ఇన్‌ఫెక్షన్ అవుతుంది. మీ అత్తయ్యగారు కొడుకు మీద ప్రేమతోనే అంటున్నారు, ఆవిడతో గొడవ పడకండి. ఈసారి హాస్పిటల్‌కి ఆవిడని కూడా తీసుకెళ్ళండి, స్కాన్ ఫిల్మ్ మీద ఆ సన్నటి చోటు డాక్టర్ చేతే చూపించమనండి. చూస్తే ఆవిడే ఒప్పుకుంటారు.

ప్రశ్న (తణుకు): మా అన్నయ్యకి నేనే లివర్ ఇచ్చాను. అన్నయ్యకి ఇప్పుడు నాళం సన్నబడి స్టెంట్లు వేస్తున్నారు. నా లివర్‌లోనే ఏదన్నా లోపం ఉందా? వదిన ఏమీ అనదు గానీ నాకు నిద్ర పట్టట్లేదు. నాకూ ఆపరేషన్ అయ్యాక డ్రెయిన్ ట్యూబులో పసుపు నీళ్ళు వచ్చాయి, రెండు వారాలకి ఆగిపోయాయి.

జవాబు: బాబూ, మీలో లోపం లేదు. లోపం ఉంటే మీ లివర్ తీసుకునేవాళ్ళే కాదు, అన్ని స్కాన్లు ఎందుకు తీశారనుకున్నారు? పైత్యనాళాల కొమ్మలు మనిషికో తీరుగా ఉంటాయి, చాలామందికి కుడివైపు రెండు నోళ్ళుంటాయి, అది పుట్టుకతో వచ్చిన అమరిక. ఈ రోజు మీ అన్నయ్యకి నాళం గురించి బాధపడే అవకాశం ఉందంటే మీరిచ్చిన లివర్ పనిచేస్తోంది కాబట్టే.

మీ ట్యూబులో వచ్చిన పసుపు నీళ్ళు పైత్యరసమే. లివర్ కోసిన అంచు నుంచి కొంచెం కారుతుంది, దాతల్లో ఎక్కువగా కనిపించే ఇబ్బందుల్లో ఇదొకటి, చాలావరకు డ్రెయిన్ ఉంచితే దానంతట అదే ఆగుతుంది. మీ మిగిలిన లివర్ రెండు మూడు నెలల్లో చాలావరకు పెరిగిపోతుంది. అన్నయ్య చెకప్‌ల హడావిడిలో మీ చెకప్ మానేశారని నాకు అనుమానం, దాతలు చాలామంది అదే చేస్తారు. ఏడాదికోసారి మీరూ ఎల్ఎఫ్‌టీ అనే లివర్ రక్తపరీక్ష, స్కాన్ చేయించుకోండి. ఈ నిద్ర పట్టని సంగతి అన్నయ్యతోనే చెప్పండి, మనసులో పెట్టుకోకండి.

ప్రశ్న (భీమవరం): నాకు స్టెంట్ వేసి 3 నెలలు కావస్తోంది. మార్చడానికి రమ్మన్నారు. నాకిప్పుడు ఏ బాధా లేదు, దురద పోయింది, అన్నం బాగా తింటున్నాను. రొయ్యల చెరువు పట్టుబడికి ఇంకా నెలన్నర ఉంది, కౌంట్ రాలేదు, అంటే రొయ్య ఇంకా అమ్మే సైజుకి ఎదగలేదు. అదయ్యాక వెళ్తే ఏమవుతుంది?

జవాబు: అలా వాయిదా వేసుకోకండి. మీకు బాగుంది అంటే స్టెంట్ ఇంకా తెరిచి ఉందని అర్థం, అంతే. ప్లాస్టిక్ స్టెంట్ లోపల బురదలాంటి పాచి పేరుకుని కొన్ని నెలల్లో మూసుకుపోతుంది. మూసుకున్న రోజు మీకు మెల్లగా చెప్పి మూసుకోదు. పొద్దున్న చెరువు గట్టు మీద బాగానే ఉంటారు, సాయంత్రానికి చలి, వణుకు, 103 జ్వరం. నాళంలో నిలిచిపోయిన పైత్యరసానికి ఇన్‌ఫెక్షన్ వచ్చి అది రక్తంలోకి పాకితే మీలాంటి మందులు వాడేవాళ్ళకి గంటల్లో బీపీ పడిపోతుంది. చెరువు బాధ్యత నెలన్నర పాటు తమ్ముడికో, బావగారికో అప్పజెప్పలేకపోవచ్చు, నాకు తెలుసు, ఆ పనిలో ఒక్క రాత్రి ఏరియేటర్ ఆగినా నష్టమే. కానీ ఇది రెండు మూడు రోజుల పని. రాత్రి రైలెక్కి హైదరాబాద్‌లో దిగండి, చేయించుకోండి, ఆ రాత్రికి మాత్రం ఊరికి బయల్దేరకండి. ఈఆర్‌సీపీ తర్వాత కొద్దిమందికి పాంక్రియాస్ వాపు వస్తుంది, పొట్ట పైభాగం నుంచి వీపులోకి పొడిచే నొప్పి, వాంతులు, అది మొదటి రోజులోనే తెలుస్తుంది. రైల్లో ఉండగా వస్తే చాలా కష్టం.

డిశ్చార్జి కాగితంలో స్టెంట్ ఎన్ని పెట్టారు, ఏ రోజు పెట్టారు, ఎప్పటికి తీయాలి అని రాసి ఉంటుంది. ఆ తేదీ ఫోన్‌లో వేసుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి. అడక్కపోయినా ఇంకో మాట. చెరువులోకి ఒట్టి కాళ్ళతో దిగకండి. చేలల్లో, చెరువుల్లో ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అందులోనూ జ్వరం, కామెర్లే. అప్పుడు స్టెంట్ మూసుకుందా, ఇది వచ్చిందా అని తేల్చడమే పెద్ద పని అవుతుంది.

ప్రశ్న (పి.గన్నవరం వైపు ఒక లంక గ్రామం): మా నాన్నగారికి మార్పిడి అయి ఏడాదిన్నర. రెండుసార్లు చలిజ్వరం వచ్చింది, ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్, యాంటీబయాటిక్ ఇస్తే తగ్గింది. మూడోసారి మళ్ళీ వచ్చింది. ప్రతిసారీ పట్నం పరుగెత్తాలా?

జవాబు: పరుగెత్తాలి. ఒకే మనిషికి చలిజ్వరం వచ్చి, తగ్గి, మళ్ళీ వస్తోందంటే నాళంలో ఎక్కడో అడ్డు ఉందేమో అని ముందు అనుమానించాలి. యాంటీబయాటిక్ మంటని ఆర్పుతుంది, అడ్డుని తీయదు. అందుకే తిరగబెడుతోంది. వెంటనే ఎల్ఎఫ్‌టీ, డాప్లర్, ఎంఆర్‌సీపీ చేయించమని మీ మార్పిడి డాక్టర్లకి ఫోన్ చేయండి. ఈ వారమే.

మళ్ళీ జ్వరం వస్తే మాత్రం ఇలా చేయండి. 100.4 దాటినా, చలి వణుకు వచ్చినా, జ్వరం లేకుండానే మనిషి మత్తుగా, తికమకగా ఉన్నా, అర్ధరాత్రయినా సరే బయల్దేరండి. స్టెరాయిడ్ వాడేవాళ్ళకి పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం పెద్దగా కనిపించదు. నేరుగా హైదరాబాద్ పోనక్కర్లేదు, ముందు అమలాపురంలోనో కాకినాడలోనో రాజమండ్రిలోనో ఐసీయూ ఉన్న హాస్పిటల్‌కి వెళ్ళండి. లోపలికి వెళ్ళగానే చెప్పాల్సిన మాట "లివర్ మార్పిడి పేషెంటు, ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడుతున్నారు, పైత్యనాళంలో ఇన్‌ఫెక్షన్ అనుమానం". జ్వరం అని మాత్రమే చెప్తే లైన్లో కూర్చోబెడతారు. యాంటీబయాటిక్ ఎక్కించేముందు రక్తంలో ఏ క్రిమి ఉందో చూసే బ్లడ్ కల్చర్ తీయమనండి, కానీ దాని కోసం మందు ఆలస్యం కానివ్వకండి. అక్కడి డాక్టర్‌ని, మీ మార్పిడి డాక్టర్‌ని ఫోన్‌లో కలపండి. ఆ ఒక్క ఫోన్‌తో చాలా టైమ్ కలిసొస్తుంది.

ఆర్‌ఎంపీ గారి మీద నాకు కోపం లేదు, లంకలో అర్ధరాత్రి పలికేది ఆయనే. కానీ ఆయనకి ఈ కాగితం చూపించండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి ఇంజెక్షన్లు టాక్రోలిమస్‌తో కలిస్తే కిడ్నీని దెబ్బతీస్తాయి. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లుకోనజోల్ లాంటివి టాక్రోలిమస్‌ని రక్తంలో పెంచేస్తాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటోయిన్ తగ్గించేస్తాయి, అప్పుడు రిజెక్షన్ భయం. పారాసెటమాల్ 500 మాత్ర ఒకటి వేయొచ్చు, వేసి తగ్గిందని ఆగిపోకూడదు.

ఇంకొకటి, మీది లంక కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నాను. జులై, ఆగస్టుల్లో వరదొచ్చి కాజ్‌వే మునిగితే మీరు పడవ మీద ఆధారపడాలి, రాత్రిపూట పడవ దొరక్కపోవచ్చు. నాన్నగారికి ఈ నాళం సంగతి తేలేదాకా ఆ రోజుల్లో ఆయన్ని అవతలి గట్టున చుట్టాలింట్లో ఉంచండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని వినగానే తీసుకెళ్ళిపోండి, కాజ్‌వే మునిగేదాకా ఆగకండి. మందులు నెలకి సరిపడా దగ్గర పెట్టుకోండి, టాక్రోలిమస్ ఒక్క పూట కూడా తప్పకూడదు.

ప్రశ్న (కోటిపల్లి): మా అమ్మకి పక్కటెముకల దగ్గర నుంచి ట్యూబ్ వేసి బ్యాగ్ తగిలించారు. ఎంత రావాలి, ఏ రంగు ఉండాలి ఏమీ తెలియట్లేదు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, అప్పటికీ ట్యూబ్ ఉంటే గోదావరిలో ఒక్క మునక వేయనిస్తారా అని రోజూ అడుగుతోంది.

జవాబు: రంగు బంగారు పసుపు నుంచి ఆకుపచ్చ దాకా ఏదైనా మామూలే. ఎర్రగా రక్తం, చిక్కటి చీము, లేదా రోజూ వచ్చేది ఒక్కసారిగా ఆగిపోవడం, ట్యూబ్ చుట్టూ కారడం, జ్వరం, వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఫోన్ చేయండి. ఎంత రావాలి అనేది ట్యూబ్ తీరుని బట్టి ఉంటుంది, కొన్నిట్లో కొంత పేగులోకి కూడా దిగుతుంది. అందుకే అమ్మకి రోజూ ఎంత వస్తోందో మీకు తెలిసి ఉండాలి. ఒక నోట్‌బుక్ పెట్టి, రోజూ ఒకే టైమ్‌కి కొలగ్లాసులో పోసి మిల్లీలీటర్లు రాయండి, పక్కన రంగు, జ్వరం కూడా. బ్యాగ్ ఎప్పుడూ పొట్ట కన్నా కిందే ఉండాలి, పడుకున్నప్పుడు మంచం పట్టీకి కట్టండి, పక్కకి తిరిగినప్పుడు లాగకుండా కాస్త వదులుగా. సెలైన్‌తో కడగమని వాళ్ళు నేర్పి ఉంటే ఎంత చెప్పారో అంతే, మెల్లగా, అడ్డం తగిలితే బలవంతంగా తోయకండి. ట్యూబ్‌ని కూడా కొన్ని నెలలకోసారి మార్చాలి, ఆ తేదీ రాసుకోండి. లీటరు దాకా బయటికి పోతుంటే ఒంట్లో ఉప్పు, నీరు తగ్గి కళ్ళు తిరుగుతాయి, డాక్టర్‌కి చెప్పి సోడియం, పొటాషియం చూపించండి.

మునక వద్దమ్మా. పుష్కరాలకి ట్యూబ్ ఉంటే ఒడ్డున కూర్చోబెట్టి నాలుగు చుక్కలు నెత్తిన చల్లండి, పట్టీ తడవకుండా. జనం తక్కువున్న వేళ చూసి తీసుకెళ్ళండి. 2015లో వేసిన మునక లెక్కలోనే ఉంటుందని అమ్మకి చెప్పండి. అప్పటికి ట్యూబ్ తీసేసే అవకాశం కూడా బాగానే ఉంది.

ప్రశ్న (పాలకొల్లు, నర్సాపురం, ముమ్మిడివరం నుంచి వచ్చినవి కలిపి): కొబ్బరినీళ్ళు, పంపర పనస, పులస, కల్లు. ఏది తీసుకోవచ్చు?

జవాబు: కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, టాక్రోలిమస్ కూడా పొటాషియంని పెంచుతుంది. మన ఇంటి చెట్టు కాయే కదా అని రోజూ రెండు బొండాలు తాగేస్తారు ఇక్కడ. పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకుని డాక్టర్ సరేనంటేనే, అదీ అప్పుడప్పుడు. పంపర పనస అసలు వద్దు, అది టాక్రోలిమస్‌ని రక్తంలో పెంచుతుంది. వినాయక చవితికి పాలవెల్లికి కట్టండి, తొనలు పిల్లలకి పెట్టండి. కల్లు చెట్టు నుంచి అప్పుడే దించినదైనా మద్యమే, వద్దు. పులస బాగా ఉడికితే నిరభ్యంతరంగా తినొచ్చు, ఉప్పు, నూనె తగ్గించి వండుకోండి. నాళం అడ్డుపడి ఉన్న రోజుల్లో మాత్రం నూనె సరిగ్గా అరగదు, విరేచనం జిగురుగా అవుతుంది, అప్పుడు తగ్గించుకోండి.

టాక్రోలిమస్ పరీక్షకి రక్తం పొద్దుటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. మాత్ర వేసుకుని, టిఫిన్ చేసి, తాపీగా ల్యాబ్‌కి వెళ్తే వచ్చే అంకె తప్పు, దాన్ని చూసి డాక్టర్ మోతాదు తగ్గించేస్తే ఇంకా తప్పు. మాత్ర జేబులో పెట్టుకెళ్ళి, రక్తం ఇచ్చాక అక్కడే వేసుకోండి.